మునిగిన రాజధాని, మిగిలిన ఋణం

అల్ అజీజియాలో నివసించే కొన్ని తెలుగు కుటుంబాల వాళ్ళం శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట కలుసుకుంటూ ఉంటాం. పెద్దలు ముచ్చటించుకుంటుండగా పిల్లలు మరో గదిలో కూర్చొని గుణింతాలు దిద్దుతారు, చిన్న చిన్న కథలు చదువుతారు. ఒక శుక్రవారం ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి తన బడిపని కూడా వెంట తెచ్చుకుంది. ప్రాచీన చైనా రాజధానుల్లో ఒకదాని పటం గీసి, దాని చరిత్ర వ్రాయాలి. ఆమె చాంగాన్ నగరాన్ని ఎంచుకుంది. చదరంగపు పలకలా గడులు గడులుగా వీధులు గీసి, రంగులు వేసి, చివరకు తలెత్తి అడిగింది: "మామయ్యా, మన తెలుగువాళ్ళకు కూడా ఇంత పాత రాజధాని ఉందా?"

ఉందని చెప్పాం. విజయపురి అని పేరు చెప్పాం. సెలవులకు వెళ్ళినప్పుడు చూడవచ్చా అని అడిగింది. అది కృష్ణానది నీళ్ళ అడుగున ఉందమ్మా అన్నాం. "ఎవరు ముంచారు? శత్రువులా?" కాదు, మనవాళ్ళే ముంచారు. "అయితే మనం తప్పు చేశామా?"

ఆ సాయంత్రం మాలో ఒకరు కాదన్నారు, ఒకరు అవునన్నారు, ఇంకొకరు టీ తెస్తామని లేచి వెళ్ళారు. పిల్ల తన పటం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమెకు మేము ఇవ్వవలసిన సమాధానం అప్పటినుంచి మా దగ్గరే ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ముందు ఆ అమ్మాయి గీసిన నగరంతోనే మొదలుపెడదాం. చాంగాన్ అన్న మాటకు శాశ్వతమైన శాంతి అని అర్థం. సుయి వంశపు చక్రవర్తి 582లో ఆ నగర నిర్మాణానికి పూనుకున్నాడు. తరువాత వచ్చిన తాంగ్ వంశం కాలంలో అది పది లక్షల జనాభాకు చేరువైన మహానగరం అయింది. దాని వెలుపలి ప్రాకారం చుట్టుకొలత సుమారు 36 కిలోమీటర్లు. లోపల 108 వాడలు, ప్రతి వాడకూ సొంత గోడలు, ద్వారాలు. సాయంత్రం భేరి మ్రోగగానే ఆ ద్వారాలు మూసేవారు. ఆ నగరం నుంచే 629లో ఒక యువ భిక్షువు రాజాజ్ఞను కూడా కాదని భారతదేశానికి బయలుదేరాడు. ఆయనే మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే హుయాన్ త్సాంగ్.

ఆ యాత్రికుడు మన దేశానికి కూడా వచ్చాడు. 640 ప్రాంతంలో ఆంధ్రదేశంలో సంచరించి, వేంగిని గూర్చి, ధాన్యకటకాన్ని గూర్చి వ్రాసిపెట్టాడు. ధాన్యకటకమంటే నేటి అమరావతి, ధరణికోట ప్రాంతం. అక్కడ సంఘారామాలు అనేకం ఉన్నాయనీ, వాటిలో చాలావరకు పాడుపడి నిర్జనంగా ఉన్నాయనీ, నిలిచి ఉన్నవి సుమారు ఇరవై మాత్రమేననీ పేర్కొన్నాడు. ఆ మిగిలినవాటిలోనే కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. 645లో గ్రంథాలతో చాంగాన్‌కు తిరిగి చేరినప్పుడు ఆయనకు ఘనమైన స్వాగతం లభించింది.

మన శిథిలాలను చూసి వెళ్ళిన ఆ మనిషి నగరం కూడా శిథిలం కావడానికి మూడు వందల ఏళ్ళు పట్టలేదు. 904లో ఝూ వెన్ అనే సేనాని చక్రవర్తిని బలవంతంగా లోయాంగ్‌కు తరలించాడు. చాంగాన్ ప్రజలను కూడా ఇళ్ళు వదిలి నడవమన్నాడు. రాజభవనాలనూ ఇళ్ళనూ విప్పదీయించి, ఆ కలపను వెయ్ నదిలో వేసి దిగువకు పంపించాడు. శాశ్వత శాంతి అని పేరు పెట్టుకున్న నగరం దూలాలుగా, వాసాలుగా విడిపోయి నీటిపై తేలిపోయింది. అయితే హుయాన్ త్సాంగ్ తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన గోపురం మాత్రం పలు మరమ్మతులతో నేటికీ షియాన్ నగరంలో నిలిచి ఉంది.

చాంగాన్ విషయంలో మంచిచెడ్డలు తేల్చడం కష్టం కాదు. ఒక మనిషి అధికార దాహం ఒక నగరాన్ని బలి తీసుకుంది. దానివల్ల ఎవరి ఆకలీ తీరలేదు. అది తప్పు అని చెప్పడానికి మనకు పాండిత్యం అక్కర్లేదు.

మరో చైనా రాజధాని కథ ఇంత సులువుగా తేలదు. బీజింగ్ చుట్టూ మింగ్ రాజుల కాలపు బ్రహ్మాండమైన కోటగోడ ఇరవయ్యవ శతాబ్దం నడుమ వరకు చాలావరకు నిలిచే ఉంది. కొత్త ప్రభుత్వం 1949లో ఏర్పడిన తరువాత, పెరిగే నగరానికి రోడ్లు కావాలి, కార్యాలయాలు కావాలి, గోడ అడ్డమన్నారు. లియాంగ్ సిచెంగ్ అనే వాస్తు చరిత్రకారుడు 1950లో చెన్ ఝాన్‌షియాంగ్ అనే నగర నిర్మాణ నిపుణునితో కలిసి ఒక ప్రణాళిక సమర్పించాడు. పాత నగరాన్ని ముట్టుకోకుండా దాని పడమట కొత్త పరిపాలనా కేంద్రం కట్టుకోవచ్చని దాని సారాంశం. గోడ పైభాగాన్ని ప్రజలు నడిచే ఉద్యానవనంగా మార్చవచ్చని కూడా లియాంగ్ సూచించాడు. ఆ సూచనలు చెల్లలేదు. తరువాతి రెండు దశాబ్దాల్లో రోడ్ల కోసం, భూగర్భ రైలు మార్గం కోసం గోడను చాలావరకు కూల్చివేశారు. ఇక్కడ అవసరం నిజమే. కానీ మరొక దారి కూడా ఉంది. ఆ దారిని చూపిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే కాదన్నారు.

ఈ రెండు నగరాల వల్ల మనకు కొన్ని ప్రశ్నలు చేతికి వచ్చాయి. పూర్వులు కట్టినదాన్ని పోగొట్టేటప్పుడు మొదట అడగవలసినది: ఆ అవసరం నిజమైనదా, ఎంతమందిది? రెండవది: వేరే దారి వెతికామా? మూడవది: పోగొట్టే ముందు మన చేతనైనది చేశామా? ఈ ప్రశ్నలతో ఇప్పుడు మన విజయపురి దగ్గరకు వెళ్దాం.

శాతవాహనుల తరువాత మూడవ శతాబ్దంలో కృష్ణానది కుడిగట్టున, మూడు వైపుల కొండలూ నాలుగో వైపు నదీ ఉన్న లోయలో ఇక్ష్వాకులు తమ రాజధానిని కట్టుకున్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక ధర్మాభిమాని. ఆయన సోదరి శాంతిశ్రీ అక్కడి మహాచైత్యాన్ని కట్టించిన బౌద్ధ ఉపాసిక. ఒకే ఇంట రెండు మార్గాలు ఇమిడిన రాజధాని అది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు ఉన్న ఆ లోయలోనే కార్తికేయునికి, శివునికి, అష్టభుజస్వామి అనే పేరుతో విష్ణువుకు ఆలయాలుండేవి. అష్టభుజస్వామి ఆలయ శాసనాన్ని పండితులు సామాన్య శకం 278 నాటిదిగా లెక్కకట్టారు. నదికి రాతి మెట్ల రేవు ఉండేది. జనం కూర్చొని చూడడానికి నాలుగు వైపులా మెట్లు కట్టిన క్రీడారంగం ఉండేది.

చాంగాన్ పటం గీసిన అమ్మాయికి తప్పక చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. బోధిశ్రీ అనే ఉపాసిక ఆ లోయలో వేయించిన ప్రాకృత శాసనం ఒక చైత్యగృహాన్ని సింహళ దేశపు ఆచార్యులకు అంకితం చేస్తుంది. ఆ ఆచార్యులు ధర్మం బోధించి ప్రసన్నం చేసిన దేశాల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. కాశ్మీరం, గాంధారం తరువాత వచ్చే పేరు చీన. హుయాన్ త్సాంగ్ మన నేల మీద అడుగు పెట్టడానికి సుమారు నాలుగు వందల ఏళ్ళ ముందే, ఒక తెలుగునాటి స్త్రీ చెక్కించిన రాతిమీద చైనా పేరు ఉంది. పిల్ల బడిపనిలోని దేశం, పిల్ల అడిగిన రాజధాని ఒకే రాతిమీద కలుసుకున్నాయి.

ఇక్ష్వాకుల తరువాత ఆ నగరం మరుగున పడింది. కొండకు నాగార్జునకొండ అన్న పేరు మిగిలింది, నగరం పేరు జనం నోట నుంచి జారిపోయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పురాతన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసన పరిశోధనాశాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. ఆపై లాంగ్‌హర్స్ట్ అనే పురావస్తు అధికారి 1927 నుంచి 1931 వరకు తవ్వించాడు. నగరం మళ్ళీ వెలుగు చూసింది. అలా వెలుగు చూసిన పాతికేళ్ళకే దాన్ని ముంచాలన్న నిర్ణయం వచ్చింది.

ఆ నిర్ణయం వెనుక ఉన్న అవసరం ఏమిటో మనం మరచిపోకూడదు. కృష్ణ పక్కనే పారుతున్నా పల్నాడు, నల్లగొండ మెట్టభూములకు ఆ నీరు ఎక్కేది కాదు. వానలు తప్పితే కరువు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజావారు మొదలైన వారు ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ప్రధానంగా రాతితో, వేలాది కూలీల చేతుల మీదుగా లేచిన ఆనకట్ట అది. దాని కుడి ఎడమ కాలువల కింద ఆయకట్టు సుమారు 22 లక్షల ఎకరాలు.

నది అంటూ ఒక్కటి కూడా లేని దేశంలో మేము బతుకుతున్నాం. ఇక్కడ కుళాయి తిప్పితే వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. నీటి విలువ గురించి మాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఎండిన చేలను చూసి ఊరు విడిచిన వాళ్ళ మనుమలం మాలోనూ ఉన్నాం. వాళ్ళ ఎదుట నిలబడి, రాళ్ళ కోసం మీరు ఇంకొన్నాళ్ళు ఆగి ఉండవలసింది అనగల ధైర్యం మాకు లేదు. కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానం స్పష్టం. అవసరం నిజమైనదే, లక్షల మందిది. రెండవదాని మాటకొస్తే, ఆనకట్ట స్థలం మనిషి ఇష్టంతో కుదిరేది కాదు. కొండల నడుమ నది ఇరుకైన చోటే అది నిలుస్తుంది. బీజింగ్‌లో కార్యాలయాలను పడమటికి జరిపినట్లు నదిని జరపలేం.

మూడవ ప్రశ్నకు విజయపురి విషయంలో గర్వించదగిన సమాధానమే ఉంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ ఆ లోయ అంతటా తవ్వకాలు జరిపింది. పాతరాతి యుగం నుంచి మధ్యయుగం వరకు అక్కడ మనుషులు బతికిన ఆనవాళ్ళను నమోదు చేసింది. తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండమీదికి చేర్చి తిరిగి కట్టింది. మరికొన్నిటి నమూనాలు నిర్మించింది. క్రీడారంగం వంటివాటిని గట్టుమీద అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టారు. నీళ్ళు నిండిన తరువాత కొండ ద్వీపమైంది, ఆ ద్వీపం మీద ప్రదర్శనశాల వెలసింది. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964లో కదిలించడం మొదలుపెట్టే నాటికే మనవాళ్ళు ఈ లోయలో తవ్వకాలు ముగించి ఉన్నారు.

ఇంతవరకు వస్తే ఆ అమ్మాయికి "తప్పు చేయలేదమ్మా" అని చెప్పేసి పుస్తకం మూసేయవచ్చు. కానీ మా మనసు అక్కడ ఆగలేదు. మేము అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. మూల్యం ఎవరు చెల్లించారు?

ఆ లోయలో పదిహేడు వందల ఏళ్ళనాటి రాజధాని ఒక్కటే లేదు. అప్పటికి బతికి ఉన్న ఊళ్ళు కూడా ఉన్నాయి. పుల్లారెడ్డిగూడెం అలాంటి ఊరు. అక్కడి రైతులకు పొలాలున్నాయి, దొడ్లున్నాయి, ఊరి దేవతలున్నారు. రాజధాని శిల్పాలు పడవల మీద, బండ్ల మీద జాగ్రత్తగా కొండ ఎక్కాయి. ఊళ్ళ వాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకొని ఎక్కడెక్కడికో వెళ్ళారు. మహాచైత్యం గురించి చదవాలంటే పుస్తకాలున్నాయి. పుల్లారెడ్డిగూడెంలో పొలం పోగొట్టుకున్న మనిషి గురించి మన పిల్లలకు ఏ పుస్తకం ఇవ్వగలం? నీరు వాళ్ళ పొలాల మీద నిలిచింది, పంట మరొకరి పొలాల్లో పండింది. ఆ పంట తిన్నవాళ్ళలో మనం ఉన్నాం. దోహాలో మా వంటిళ్ళలోని బియ్యం సంచి మీద ఏ పేరున్నా, అందులో కొన్ని గింజలైనా సాగరు నీళ్ళు తాగి పండినవే కావచ్చు.

సరైన పని చేస్తే ఋణం ఉండదని మనం అనుకుంటాం. ఈ అభిప్రాయంలోనే పొరపాటు ఉందని మాకు తోస్తోంది. తప్పుకు ప్రాయశ్చిత్తం ఉంటుంది. సరైన పనికి కూడా, దాని మూల్యం మరొకరు చెల్లించినప్పుడు, ఋణం ఉంటుంది. తల్లి తన నిద్ర మానుకొని బిడ్డను పెంచడం తప్పు కాదు, బిడ్డ పెరగడమూ తప్పు కాదు. అయినా మాతృఋణం ఉందనే మనవాళ్ళు చెప్పారు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి ఉంటాడని వేదం చెబుతుంది. నేరం చేసినందుకు వచ్చిన ఋణాలు కావవి, అందుకొన్నందుకు వచ్చినవి. వాటిలో ఋషిఋణం తీరే దారి అధ్యయనం. ఎవరి శ్రమవల్ల మనకు జ్ఞానం లభించిందో వారిని తెలుసుకోవడమే వారికి చెల్లింపు.

విజయపురి ఋణాన్ని కూడా మేము ఈ విధంగానే అర్థం చేసుకుంటున్నాం. మునిగిన నగరాన్ని పైకి తేలేం, తేవాలని కోరడం న్యాయమూ కాదు. కానీ అది ఏమిటో, ఎందుకు మునిగిందో, ఎవరు దాని కోసం కదిలిపోయారో తెలియకుండా ఆ అన్నం తినడం మాత్రం ఋణం ఎగవేయడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "పొలం పోయినవాడికి మీ స్మరణ వల్ల ఏమి ఒరిగింది? తెలుసుకోవడం చవకైన చెల్లింపు కదా?" న్యాయమైన మాటే. స్మరణ ఎవరి పొలాన్నీ తిరిగి ఇవ్వదు. అయితే స్మరణ లేనిచోట జరిగేది ఇంకా అన్యాయం. మొదటిసారి మూల్యం చెల్లించినవారిని మరచిపోయిన సమాజం రెండవసారి అదే మూల్యాన్ని మరింత సులభంగా అడుగుతుంది. తరువాతి ఆనకట్ట కట్టేటప్పుడు, తరువాతి రోడ్డు వేసేటప్పుడు, పోయేవారి పేర్లు ముందుగా అడగాలన్న బుద్ధి పుట్టాలంటే, వెనుక పోయినవారి పేర్లు తెలిసి ఉండాలి. ఆ మేరకు స్మరణ చవకైనది కాదు. అది రేపు మన చేతిని ఆపవలసి వస్తుంది.

మేమున్న ఈ దేశంలోనూ ఒక మరుగుపడిన పట్టణం ఉంది. దోహాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, వాయవ్య తీరాన అల్ జుబారా. పద్ధెనిమిదవ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగి, 1811లో దాడికి గురై, క్రమంగా నిర్జనమై ఇసుక కిందికి వెళ్ళింది. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మధ్య పిల్లలను తీసుకొని అక్కడికి వెళ్ళాం. అది మన పూర్వుల పట్టణం కాదు. అయినా ఇక్కడి నీళ్ళు తాగుతున్నాం, ఇక్కడి జీతంతో ఇల్లు గడుస్తోంది. ఉప్పునీటిలో ఊపిరి బిగబట్టి మునిగి ముత్యాలు తెచ్చిన మనుషుల పట్టణాన్ని చూసి రావడం కూడా ఒక చెల్లింపే అనిపించింది. ఇసుక కింద ఉన్నదాన్ని తవ్వితే మళ్ళీ కనబడుతుంది. నీటి కింద ఉన్నదాన్ని మాటలోనే నిలుపుకోవాలి.

అందుకే ఈసారి సెలవులకు ముందే మా కుటుంబాలు ఒక నిర్ణయం చేసుకున్నాయి. వీలైనవారు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి, అక్కడి నుంచి లాంచీలో నాగార్జునకొండకు పిల్లలను తీసుకువెళ్ళాలి. లాంచీ నీటి నడుమకు వచ్చినప్పుడు, తమ కింద ఏమేమి ఉన్నాయో పిల్లలకు చెప్పాలి. అశ్వమేధం చేసిన రాజు, చైత్యం కట్టించిన అతని సోదరి, చీన అన్న మాట చెక్కించిన ఉపాసిక. వారితో పాటు పుల్లారెడ్డిగూడెం రైతులు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ లోయ నుంచి కదిలి వచ్చిన పెద్దలు ఇంకా ఉంటే, పిల్లల చేత వారికి నమస్కారం చేయించి, "తాతగారూ, మీ ఊరు ఎలా ఉండేది?" అని తెలుగులో అడిగించాలి. ఆ ఒక్క వాక్యం తప్పులేకుండా అడగగలిగితే, మా శుక్రవారపు గుణింతాలు వృథా కాలేదని అనుకుంటాం.

ఆ అమ్మాయికి మా సమాధానం ఇది. తప్పు చేయలేదమ్మా. కానీ బాకీ ఉన్నాం. మన తాతల కాలంలో ఇతరులు ఇచ్చినదాన్ని మనం తిన్నాం, నీవూ తింటున్నావు. నీవు గీసిన చాంగాన్ పటం పక్కన విజయపురి పటం కూడా గీయి. రేవు, క్రీడారంగం, ఆలయాలు, మహాచైత్యం గుర్తించు. పుల్లారెడ్డిగూడెం ఇళ్ళు కూడా గీయి. ఆ తరువాతే దాని మీద నీలిరంగు వెయ్యి, కింద వ్రాసిన పేర్లు కనబడేటంత పలుచగా.